పదకొండు నెలల కాగితం, ఇరవై ఏళ్ల కిస్తీ

(హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో, అద్దెకివ్వడం కోసం మొదటిసారి ఇల్లు కొంటున్నవారి సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట మాత్రమే కుదించాం.)

మైకు కొంచెం దగ్గరగా పెట్టండి బాబూ. వెనక వాళ్లకి వినబడుతోందా? సరే.

ముందు ఒక చిన్న లెక్క తేలుద్దాం. ఇక్కడ అద్దె కడుతున్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే. అద్దె తీసుకుంటున్నవాళ్లు? రెండూ చేస్తున్నవాళ్లు? అదిగో, నాలుగు చేతులు, నవ్వు మొహాలు. ఆఫీసు దగ్గరని గచ్చిబౌలిలో అద్దెకుంటారు, నిజాంపేటలో కొన్న ఫ్లాటు ఇంకొకరికి ఇచ్చారు. అంతేనా? మీకు నా మాటలు తొందరగా అర్థమవుతాయి. ఒకే నెలలో ఓనరు మీదా విసుక్కుంటారు, టెనెంట్ మీదా విసుక్కుంటారు. (నవ్వులు)

మాది తెనాలి దగ్గర పల్లె. అక్కడ అద్దె అంటాం. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయింది కాబట్టి కిరాయి అనడమూ అలవాటైంది. రెండూ కలిపే మాట్లాడతాను, సర్దుకోండి.

నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు మొదట అడిగేది, "మేడం, ఫ్లాటు కొని కిరాయికిస్తే కిస్తీ దానంతట అదే కట్టుకుంటుందా?" అని. కట్టుకోదు నాయనా. కాగితం మీద వేసి చూడండి. ఎనభై లక్షల ఫ్లాటు అనుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇటు తెలంగాణలో అయినా అటు ఆంధ్రాలో అయినా సుమారు ఏడున్నర శాతం, అంటే ఆరు లక్షలు. కబ్బోర్డులు, ఫ్యాన్లు, గీజర్లు, వంటింటి చెక్కపని కలిపి నాలుగు లక్షలు వేసుకోండి. తొంభై లక్షలు తేలింది. అలాంటి ఫ్లాటుకి నెలకు 22 వేలు వస్తుందనుకుందాం. ఏడాదికి రెండు లక్షల అరవై నాలుగు వేలు. పెట్టిన డబ్బు మీద మూడు శాతం కూడా లేదు. అదీ ఒక్క నెల కూడా ఇల్లు ఖాళీగా ఉండకపోతే. ఇక అరవై లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల లోను తీసుకుంటే కిస్తీ నెలకు 52 వేలు. అంటే ప్రతి నెలా మీ జీతంలోంచి ముప్పై వేలు ఆ ఫ్లాటుకి మీరే కిరాయి కడుతున్నట్టు.

కొనొద్దని చెప్పడం లేదు. నాకూ రెండున్నాయి. రేపు ధర పెరుగుతుందనో, రిటైరయ్యాక పనికొస్తుందనో కొంటారు, అది వేరే లెక్క. కిరాయి కోసం కొన్నానని మాత్రం మిమ్మల్ని మీరు మోసం చేసుకోవద్దు. ఆ భ్రమలో ఉన్న ఓనరు ఒక్క నెల అద్దె ఆలస్యమైతే చాలు, టెన్షన్ పడి తప్పుడు పని చేస్తాడు. అర్ధరాత్రి ఫోన్లు చేస్తాడు, కరెంటు పీకేస్తాడు. అక్కడినుంచి కేసు మొదలవుతుంది. నేను చూసిన కిరాయి తగాదాల్లో సగానికి సగం ఇలా చెయ్యి ఇరుకున పడ్డ ఓనరు తొందరపాటుతో పుట్టినవే.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తాను. నవ్వకూడదు. మొదటి ఫ్లాటు కొన్నప్పటికే నేను ఎనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పొద్దున్నే లేచి ఇతరులకి అగ్రిమెంట్లు రాసిచ్చే మనిషిని. చుట్టాల ద్వారా ఒక కుటుంబం వచ్చింది. మనవాళ్లే కదా, కాగితం అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడ్డాను. అడ్వాన్సు కూడా ఒక్క నెలదే తీసుకున్నాను. ఐదు నెలలు బాగానే ఇచ్చారు. ఆరో నెల ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత ఏడు నెలలు అద్దె లేదు. అడిగితే కన్నీళ్లు, అడగకపోతే నా కిస్తీ. కోర్టుకెళ్దామంటే నా చేతిలో ఏముంది? అద్దె ఎంతో రాసుకున్న కాగితం లేదు. ఇచ్చిన డబ్బు నోట్ల రూపంలో ఇచ్చారు, రసీదు లేదు. చివరికి బాకీ వదిలేసి, సామాను తీసుకెళ్లడానికి లారీ కిరాయి కూడా నేనే ఇచ్చి పంపించాను. (నవ్వులు) నవ్వొద్దన్నాను కదా. మా ఆయన ఇప్పటికీ ఎవరి ముందైనా ఈ కథ చెప్తాడు.

కాగితం అంటే ఇక్కడ అందరికీ గుర్తొచ్చేది పదకొండు నెలల అగ్రిమెంట్. పదకొండే ఎందుకు? చెప్పండి ఎవరైనా. ఆ... "అలవాటు" అన్నారు ఆ అమ్మాయి. అలవాటే, కానీ దాని వెనక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ అయి తీరాలని ఆ చట్టం 107వ సెక్షన్ చెప్తుంది. రిజిస్టర్ చేయిస్తే స్టాంపు డ్యూటీ, ఫీజు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ ఒక పూట. అది తప్పించుకోవడానికి పన్నెండుకి ఒకటి తగ్గించి పదకొండు రాసుకుంటాం. అంతకు మించి ఆ అంకెలో మంత్రం ఏమీ లేదు.

ఇందులో జనం చేసే తప్పులు రెండు. మొదటిది, నోటరీ అంటే రిజిస్ట్రేషనే అనుకోవడం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి, నోటరీ ముద్ర వేయించి, "మేడం, అంతా పక్కాగా చేశాం" అంటారు. ఆ ముద్ర వల్ల మీరు సంతకం పెట్టారని తెలుస్తుంది. అది రిజిస్టర్ పత్రం అయిపోదు.

రెండోది దీనికన్నా ఖరీదైన తప్పు. హనుమకొండలో రోడ్డు మీద షాపు ఉన్న పెద్దాయన ఒకరు వచ్చారు. మంచి కిరాయిదారు దొరికాడు, మూడేళ్లు ఖాళీ చేయకూడదు, ఏడాదికి పది శాతం పెంచాలి అని అగ్రిమెంటులో రాసుకున్నారు. ఆ ధైర్యంతో షట్టరు మార్పించి, ఫాల్స్ సీలింగ్ వేయించి మూడు లక్షలు పెట్టారు. ఎనిమిదో నెలలో ఆ కుర్రాడు తాళాలు చేతికిచ్చి వెళ్లిపోయాడు. "మూడేళ్లని రాశాడు కదమ్మా, మిగతా కిరాయి వసూలు చేసిపెట్టు" అంటారు ఈయన. కాగితం చూశాను. మూడేళ్ల లీజు, రిజిస్ట్రేషన్ లేదు. ఆ మూడేళ్ల గడువుకి కోర్టులో రుజువుగా అది నిలబడదు. చట్టం దృష్టిలో అది నెల నెలా సాగే కిరాయి, అంతే. ఆయన దాచుకున్న ఆ నాలుగు పేజీలు, రిజిస్ట్రేషన్‌కి ఖర్చవుతుందని మిగుల్చుకున్న డబ్బు, రెండూ నా టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. షాపు అయినా, ఆఫీసు అయినా, స్కూలుకి ఇచ్చే బిల్డింగ్ అయినా, ఎక్కువ కాలం కావాలంటే రిజిస్టర్ చేయించండి. ఇంటికైతే ఎక్కువమంది పదకొండు నెలలదే రాసుకుంటారు, ప్రతిసారీ కొత్తది రాసుకోవాలి.

రాసుకోకపోతే ఏమవుతుంది? పదకొండు నెలలు అయిపోయాయి, వాళ్లు ఉన్నారు, మీరు అద్దె తీసుకుంటున్నారు. అప్పుడు వాళ్లు దొంగతనంగా ఉన్నట్టు కాదు. ఇంటి కోసమైతే నెలవారీ కిరాయిదారులుగా కొనసాగుతున్నట్టే లెక్క. ఖాళీ చేయించాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. అది 106వ సెక్షన్. అగ్రిమెంటులో నెల నోటీసు అనో రెండు నెలలు అనో రాసుకుంటే ఆ మాటే చెల్లుతుంది.

ఇక్కడ మీలో కొందరు రెంట్ కంట్రోల్ కోర్టు గురించి విని ఉంటారు. పాత సినిమాల్లో ఇల్లుగలాయన ఏళ్ల తరబడి తిరిగేది అక్కడే. 1960 నాటి ఆ చట్టం తెలంగాణలో ఇంకా ఉంది. కానీ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే అది వర్తించదు. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కి ఏమొస్తుంది? ఒక మంచం, ఒక అల్మారా, పక్కన ఇంకో ముగ్గురు. (నవ్వులు) అంటే మీ ఫ్లాటు తగాదా మామూలు సివిల్ కోర్టుకే వెళ్తుంది. నోటీసు ఇచ్చి, దావా వేసి, ఇల్లు ఖాళీ చేయించమని అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే అద్దె చట్టం చేసుకున్నారు. విజయవాడలోనో విశాఖలోనో కొనేవాళ్లు అక్కడి లాయరుని అడిగి ఆ చట్టం ప్రకారం కాగితం రాయించుకోండి, ఇక్కడి నమూనా అక్కడ వాడొద్దు. కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ యాక్ట్ అని ఒకటి తెచ్చింది. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు, ఓనరు లోపలికి రావాలంటే ఒక రోజు ముందు చెప్పాలి లాంటివి అందులో ఉన్నాయి. అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప అమల్లోకి రాదు. ఎవరైనా వాట్సాప్‌లో "కొత్త అద్దె చట్టం వచ్చేసింది" అని పంపిస్తే ముందు ఏ రాష్ట్రంలో అని అడగండి.

అగ్రిమెంటులో ఏం రాయాలని అడుగుతారు. ఇంటర్నెట్లో దొరికే నమూనాలో అన్నీ ఉంటాయి, మనకి కావలసింది తప్ప. మన ఊళ్లో గొడవలు దేని మీద వస్తాయో అది రాయండి. ఎండాకాలంలో బోరు ఎండిపోతే ట్యాంకర్ల డబ్బు ఎవరిది? మెయింటెనెన్సు ఎవరిది? అపార్టుమెంటులో ఏకమొత్తంగా లిఫ్టు మార్పించారు, మీ వాటా నలభై వేలు. దాన్ని మెయింటెనెన్సు కింద టెనెంట్ నెత్తిన వేయలేరు. పార్కింగ్ ఒకటా రెండా? ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ ఆనవాయితీ. రాయకపోతే అది ఆనవాయితీ మాత్రమే, హక్కు కాదు. ఇద్దరికీ ఇష్టమైతే అంకె వేసి రాయండి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో రాయండి. ఓనర్లకి ఈ ఒక్క వాక్యం రాయడం అస్సలు నచ్చదు, నాకు తెలుసు. తాళాలు తీసుకుని అడ్వాన్సు రేపు మాపు అని తిప్పే ఓనర్లు, అద్దె ఎగ్గొట్టే టెనెంట్ల కంటే తక్కువేం లేరు ఈ ఊళ్లో.

ఇల్లు అప్పజెప్పే రోజు ఫోను పట్టుకుని గది గదికీ వీడియో తీయండి. గోడలు, కుళాయిలు, గీజరు, కరెంటు మీటరు రీడింగ్. తీసి అక్కడికక్కడే వాళ్లకి వాట్సాప్ చేయండి. మీరు తీశారు, వాళ్లకి అందింది, తేదీ పడింది. ఖాళీ చేసేటప్పుడు "ఈ పగులు ముందే ఉంది" అన్న వాదన సగం అక్కడే ఆగిపోతుంది. అద్దె ఎప్పుడూ బ్యాంకు ద్వారానే తీసుకోండి. కరెంటు బిల్లు మీ పేరు మీదే ఉంటుంది, వాళ్లు కట్టకుండా పోతే మిగిలేది మీకు. కాబట్టి ప్రతి నెలా అద్దెతో పాటు బిల్లు కట్టిన స్క్రీన్‌షాట్ పంపమనండి. పోలీసు వెరిఫికేషన్ చేయించండి. అది అవమానం కాదని ముందే నవ్వుతూ చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు.

రిపేర్ల సంగతి. చాలామంది ఓనర్లకి తెలియని విషయం ఇది. మీరు చేయించాల్సిన రిపేరు మీరు చేయించకపోతే, నోటీసు ఇచ్చి, వాళ్లే చేయించుకుని, ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో కోసుకునే హక్కు చట్టం కిరాయిదారుకి ఇచ్చింది. బాత్రూం లీకవుతోందని నాలుగుసార్లు మెసేజ్ పెట్టారు, మీరు వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఆ బొటనవేలే మీకు ఎదురు సాక్ష్యం.

ఇక అద్దె ఇవ్వడం లేదు, ఖాళీ చేయడం లేదు. ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెప్తాను. తాళం మార్చకూడదు. సామాను బయట పెట్టించకూడదు. నీళ్లు, కరెంటు ఆపకూడదు. నలుగురు మనుషుల్ని తీసుకెళ్లి గుమ్మం ముందు కూర్చోబెట్టకూడదు. ఇల్లు మీదే కావచ్చు. చట్టం ప్రకారం కాకుండా వాళ్లని బయటికి పంపిస్తే, ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద దావా వేసి తిరిగి లోపలికి రాగలరు. అప్పుడు ఆ కోర్టు ఇల్లు ఎవరిదని అడగదు, ఎవరు ఉన్నారు, ఎలా పంపించారు అని మాత్రమే చూస్తుంది. అద్దె బాకీ పడ్డవాడు ఒక్క రాత్రిలో బాధితుడైపోతాడు.

రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, లాయరు ద్వారా, అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో. అద్దెకి చెక్కు ఇచ్చి అది బౌన్సయితే బ్యాంకు మెమో అందిన ముప్పై రోజుల్లో నోటీసు పంపాలి. వాళ్లకి పదిహేను రోజుల గడువు ఉంటుంది. అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. ఈ తేదీలు ఒక్క రోజు దాటినా ఇబ్బందే, క్యాలెండరు మీద గీసుకోండి. ఇంకో మాట, లాయరుగా నాకు నష్టమైనా చెప్తాను. ఆరు నెలలు అద్దె రాని ఇంటికి మూడేళ్లు దావా నడిపే బదులు, ఒకోసారి సగం బాకీ వదిలేసి పంపించడం మేలు. నా లారీ కిరాయి గుర్తుందిగా.

టాక్స్ గురించి తొందరగా చెప్పి ముగిస్తాను, దానికి మీ చార్టర్డ్ అకౌంటెంటు ఉన్నాడు. అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేయాలి. మిగిలినదానిలో ముప్పై శాతం రిపేర్లు చేయించినా చేయించకపోయినా తగ్గింపు. ఆ తర్వాత లోను వడ్డీ. నేను ఇందాక చెప్పిన ఫ్లాటుకి మొదటి ఏడాది వడ్డీయే ఐదు లక్షల చిల్లర. అద్దెని మించిపోయింది, కాగితం మీద నష్టం వచ్చింది. ఆదాయపన్ను లెక్కకి పాత పద్ధతి, కొత్త పద్ధతి అని రెండున్నాయి. పాత పద్ధతిలో ఆ నష్టంలో ఏడాదికి రెండు లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. మిగిలింది ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు. కొత్త పద్ధతిలో జీతంలోంచి పైసా తగ్గదు. ఇప్పుడు మీరు ఏమీ ఎంచుకోకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది. కాబట్టి "టాక్స్ మిగులుతుందని ఫ్లాటు కొన్నాను" అనే మాట ఈ మధ్య వింటే నాకు జాలేస్తుంది.

అద్దె దాచేద్దాం అనుకునేవాళ్లకి, దాగదు. మీ టెనెంట్ హెచ్ఆర్ఏ, అంటే జీతంలో ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు తీసుకుంటాడు. ఏడాదికి లక్ష దాటితే మీ పాన్ నంబరు వాళ్ల ఆఫీసుకి ఇవ్వాలి. "పాన్ ఇవ్వను, ఐదొందలు తగ్గిస్తాను" అని బేరాలాడే ఓనర్లని చూశాను. నెల అద్దె యాభై వేలు దాటితే టెనెంటే రెండు శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేముందే తీసిపెట్టే పన్ను, కోసి కట్టాలి. అంతకుముందు ఐదు శాతం ఉండేది, 2024 అక్టోబరు నుంచి తగ్గించారు. ఇల్లు కొనేటప్పుడు కూడా ఒక మాట. యాభై లక్షలు, ఆ పైన ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ కోయాలని అందరికీ తెలుసు. అమ్మేవాడు ఎన్నారై అయితే అది ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. మనవైపు సగం ఫ్లాట్ల ఓనర్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు కదా. కోయకపోతే ఆ పన్ను మీ మెడకి చుట్టుకుంటుంది. కొనేముందే "మీరు ఎక్కడుంటారు?" అని అడగండి.

కొనేటప్పుడు చూసుకోవలసినవి వేరే ఉపన్యాసం అవుతుంది. ఆస్తి మీద అప్పులు, అమ్మకాలు చూపించే ఈసీ తీయండి, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు చదివించండి, ఇల్లు ఉండటానికి అనుమతి ఇచ్చే ఓసీ అడగండి. జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్మకం యాజమాన్య హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దులో ఉందేమో చూడండి. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఆ మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా చూడండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకి కొడుకులతో సమాన వాటా హక్కు దేశమంతా 2005లో వచ్చింది, మనకి 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. "చెల్లెలికి పెళ్లిలో ఇచ్చేశాం కదండీ" అనేది డాక్యుమెంటు కాదు.

ఒక్కదాని దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే అది కిరాయి పేరు చెప్పి అమ్ముతున్నారు. ఆఫీసు స్థలం కడుతున్నాం, ఇప్పుడే డబ్బు మొత్తం ఇచ్చేయండి, పునాది పడకముందునుంచే నెల నెలా అద్దె ఇస్తాం అంటారు. నేల మీద లేని బిల్డింగ్‌కి అద్దె ఎవడిస్తాడండీ? మీ డబ్బే మీకు ముక్కలుగా తిరిగొస్తోంది, కొన్నాళ్లకి అదీ ఆగుతుంది. రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో నమోదు కాకుండా ప్రాజెక్టుని ప్రకటించడానికే వీల్లేదు, చిన్నవాటికి తప్ప. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ప్రీలాంచ్ అనే మాట వినబడగానే రెరా నంబరు అడిగి, ఫోను పెట్టేయండి.

ఇక ప్రశ్నలు.

(ఒక పెద్దాయన: అమ్మా, పన్నెండేళ్లు కిరాయికుంటే ఇల్లు వాళ్లదైపోతుందంట. అందుకే మా అబ్బాయి ఇంట్లో రెండేళ్లకోసారి మార్చేస్తున్నాం.)

ఎంతమంది మంచి కిరాయిదారుల్ని ఈ భయంతో పంపించేశారో మీరు. (నవ్వులు) లేదండీ. పన్నెండేళ్ల మాట లిమిటేషన్ చట్టంలో ఉన్నదే. కానీ అది మీ హక్కుని కాదని, బాహాటంగా తనదేనంటూ ఉన్నవాడికి. మీకు అద్దె ఇస్తున్నవాడు మీరే ఓనరని ప్రతి నెలా ఒప్పుకుంటున్నట్టే. ఇరవై ఏళ్లున్నా ఆయన కిరాయిదారే. అందుకే అగ్రిమెంటు కొత్తది రాస్తుండాలి, అద్దె బ్యాంకులో పడుతుండాలి. భయపడాల్సింది అద్దె తీసుకోకుండా, కాగితం లేకుండా, "ఉండనీలే" అని చుట్టాలకి వదిలేసిన ఖాళీ ఇళ్లకి. ఆధార్‌లో మీ ఇంటి అడ్రసు వేసుకున్నా ఇల్లు వాళ్లదవదు, ఆ టెన్షన్ కూడా వద్దు.

(ఒక యువకుడు: మేడం, బ్యాచిలర్స్‌కి ఇవ్వొచ్చా? మా అసోసియేషన్ వద్దంటోంది.)

మీరు బ్యాచిలరేనా? ఔనా. (నవ్వులు) చూడు బాబూ, నా అనుభవంలో అద్దె సమయానికి వచ్చేది ఉద్యోగం చేసుకునే ఆడపిల్లల ఫ్లాట్లనుంచి. ఎవరికి ఇచ్చినా ఎంతమంది ఉంటారో, పేర్లతో సహా రాయించుకో. ముగ్గురని చెప్పి ఏడుగురు చేరడం, మంచాలు వేసి హాస్టల్ నడపడం, అదీ అసలు సమస్య. నా అనుమతి లేకుండా వేరేవాళ్లకి ఇవ్వకూడదని ఒక వాక్యం ఉండాలి. కంపెనీ ఐడీ చూడు, ఇంతకుముందు ఓనరు నంబరు తీసుకుని నిజంగా ఫోన్ చెయ్యి. చాలామంది నంబరు తీసుకుంటారు, చేయరు.

నువ్వడిగావు కాబట్టి ఇంకొకటి. ఇల్లు చూడటానికొచ్చినవాళ్లని "మీరేమిట్లు?" అని అడిగేవాళ్లున్నారు. నేరుగా అడగలేక ఇంటిపేరు, సొంతూరు, ఏం తింటారు అని చుట్టు తిరిగి అడుగుతారు. అద్దె సరిగ్గా వస్తుందా లేదా అనేదానికి దానితో సంబంధం లేదు. నాకు లారీ కిరాయి పెట్టించింది మా వాళ్లే అని ఇందాకే చెప్పాను కదా.

(ఒక మహిళ: మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడి ఫ్లాటు నేనే చూసుకుంటున్నాను. అద్దె నా అకౌంటులో వేయించుకుంటున్నాను.)

అమ్మా, అది ఈ నెల నుంచే ఆపండి. అద్దె మీ అకౌంటులో పడితే రేపు ఆ ఆదాయం ఎవరిదని మిమ్మల్ని అడుగుతారు. తమ్ముడి ఎన్ఆర్ఓ అకౌంటులో, అంటే ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతాలో పడాలి. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత తక్కువైనా సరే, టెనెంట్ ముప్పై ఒకటి పాయింటు రెండు శాతం టీడీఎస్ కోయాలి. యాభై వేల లెక్క వీళ్లకి లేదు. చాలా ఎక్కువ అనిపిస్తుంది, నిజమే. తక్కువ కోయడానికి ఇన్‌కంటాక్స్ వాళ్లనుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, లేదా రిటర్న్ వేసి రీఫండ్ తీసుకోవచ్చు. ఇక్కడ కట్టినంత మాత్రాన అయిపోదు, అమెరికాలో రిటర్న్ వేసేటప్పుడు ఈ అద్దె కూడా చూపించాలి. అతని పేరు మీద ఇక్కడున్న అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పది వేల డాలర్లు దాటితే అది కూడా అక్కడ తెలియజేయాలి.

మీరు అగ్రిమెంటు మీద సంతకం దేని మీద పెడుతున్నారు? "అక్కనే కదా" అంటారేమో. పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడ రాయించి పంపితే, ఇక్కడికి అందిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కొరియరు కవరు పారేయకండి, అందిన తేదీకి అదే రుజువు.

(మరొకరు: మేము కొంటున్న ఫ్లాటులో ఇప్పటికే కిరాయికి ఉన్నారు. వాళ్లని ఖాళీ చేయించి ఇవ్వమనాలా, అలాగే తీసుకోవాలా?)

మీకు ఉండటానికైతే ఖాళీ చేయించే తీసుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక అమ్మినవాడు మీ ఫోను ఎత్తడు. కిరాయికే అయితే అలాగే తీసుకోవచ్చు, నెల ఖాళీ తప్పుతుంది. అమ్మినవాడి స్థానంలోకి మీరొస్తారు, పాత ఒప్పందంతో సహా. అందుకే ముందు ఆ అగ్రిమెంటు చదవండి. ఒకసారి ఇంటికెళ్లి వాళ్లతో మాట్లాడండి. అద్దె 25 వేలు వస్తోందని అమ్మేవాళ్లు చెప్తారు, టెనెంట్‌ని అడిగితే 19 అంటారు. అది అక్కడే తేలుతుంది.

తర్వాత ముగ్గురూ కూర్చుని ఒక పేజీ రాసుకోండి. ఫలానా తేదీ నుంచి ఓనరు మారారు, అద్దె ఇంత, అడ్వాన్సు ఇంత, బాకీ లేదు. ఆ అడ్వాన్సు అమ్మేవాడి జేబులో ఉంది, రేపు వాళ్లు అడిగేది మిమ్మల్ని. అందుకని యాభై వేలు అడ్వాన్సు ఉంటే, అమ్మేవాడికి ఇచ్చే చివరి చెక్కులో ఆ యాభై వేలు తగ్గించి రాయండి. రిజిస్ట్రేషన్ ముందు రోజే, తర్వాత కాదు.

హాలు ఎనిమిదికి తాళం వేయాలంట, వాచ్‌మన్ చూస్తున్నాడు. అగ్రిమెంట్లు తెచ్చినవాళ్లు కిందికి రండి, మెట్ల దగ్గర లైటు ఉంది, ఒక్కొక్కటీ చూస్తాను.